ఆ చిప్ ఒంట్లో పెట్టేది కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం సంచికలో సైన్సు పేజీ అడుగున ఒక వార్త వేశారు. చిప్ మీద వృషణం తయారు చేశారని, మనిషి వీర్యకణాలు కూడా అందులోనే పుట్టిస్తున్నారని, ఇక పిల్లలు లేని మగవాళ్లు దిగులు పడక్కర్లేదని దాని సారాంశం. వార్త చిన్నదే, నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేదు. దానివల్ల నాకు పట్టుకున్న తలనొప్పి మాత్రం చిన్నది కాదు, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, స్థలం చాలకపోతే కత్తిరించుకోండి, కాకపోతే అర్థం మారేలా కత్తిరించొద్దు, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలైంది.

నేను కర్నూలులో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఇరవై రెండేళ్లుగా రక్తం, మూత్రం, కఫం అన్నీ చూస్తున్నా. సెమెన్ టెస్టులు, అంటే వీర్య పరీక్షలు మాత్రం మిగతా వాళ్లు మొహమాటపడతారని మొదట్నుంచీ నా నెత్తినే పెట్టారు. కాబట్టి ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, డోన్, ఆలూరు వైపు నుంచి తెల్లవారి బస్సెక్కి వచ్చి, బెంచీ చివర తల దించుకుని కూర్చునే మగవాళ్లను నాకంటే ఎక్కువగా చూసినవాళ్లు ఈ ఊర్లో తక్కువే ఉంటారు.

మీ వార్త వచ్చిన మూడో రోజు పత్తికొండ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. జేబులోంచి మీ పేపర్ ముక్క తీశాడు, నాలుగు మడతలు పెట్టి ఉంది, చెమటకు అంచులు మెత్తబడినాయి. "అన్నా, ఈ చిప్పు మన కర్నూల్లో ఏస్తారా, హైదరాబాద్ పోవాల్నా? ఎంతవుతాది?" అన్నాడు. ఫోన్లో సిమ్ము వేసినట్టు లోపల చిప్ పెడితే కౌంట్, అంటే వీర్యకణాల సంఖ్య, వచ్చేస్తుందనుకున్నాడు. నవ్వు రాలేదండీ నాకు. పెళ్లయి తొమ్మిదేళ్లట. ఇంట్లో ఆడమనిషికి స్కానింగులు, ట్యూబుల టెస్టు, నాటు మందులు, మొక్కులు, అన్నీ అయిపోయి ఇప్పుడు ఈయన మొదటిసారి టెస్టుకు వచ్చాడు, అదీ మీ వార్త చదివి. ఆ ఒక్కదానికి మీకు దండం పెట్టొచ్చు. మిగతాదానికి పెట్టలేను.

ఆయన తర్వాత ఇంకో నలుగురు అడిగారు. ఒక పెద్దాయనైతే కొడుకు కోసమని పొలం కాగితాలు కుదువ పెట్టడానికి కూడా సిద్ధపడ్డాడు. అందుకే ముందు అదేంటో నాకు తెలిసినంత వరకు చెప్తా. నేను డాక్టర్ని కాదు, డీఎంఎల్టీ అనే ల్యాబ్ డిప్లొమా చదివినవాణ్ణి. కానీ ఈ విషయం మీద నాలుగైదేళ్లుగా దొరికిందల్లా చదువుతున్నా, మా పనికి దగ్గరిది కాబట్టి.

చిప్ అంటే కంప్యూటర్ చిప్ కాదు. పెన్‌డ్రైవ్ అంత ఉండే, అవతలి వైపు కనిపించే మెత్తని సిలికోన్ రబ్బరు ముక్క. దాంట్లో వెంట్రుకల్లాంటి సన్నని కాలువలు తీసి ఉంటాయి. పై కాలువకూ కింది కాలువకూ మధ్య చిల్లులున్న పలుచని పొర. పొరకు ఒక పక్క మనిషి కణాలను పెంచుతారు, ఇంకో పక్క రక్తం పారినట్టు పోషక ద్రవం పారిస్తారు. ఈ పద్ధతికి పేరొచ్చింది 2010లో, అమెరికాలో హార్వర్డ్ వాళ్ల వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో డొనాల్డ్ ఇంగ్‌బర్, డాన్ హ్యూ అనే ఇద్దరి బృందం ఊపిరితిత్తుల చిప్ చేసినప్పుడు. అది ఊపిరి తీసినట్టు సాగి, వదిలినట్టు ముడుచుకునేది, పక్కన గాలి లాగి అట్లా ఆడించేవాళ్లు. ఆ తర్వాత కాలేయం, మూత్రపిండం, పేగు అని ఒక్కోటీ వస్తూ పోయాయి.

మన అనంతపురం, కర్నూలు జిల్లాల్లో దీన్ని అర్థం చేసుకోవడం అంత కష్టమేం కాదు. చీనీ (బత్తాయి) తోటకు నీళ్లు రెండు రకాలుగా పెట్టొచ్చు. మడి నింపి వదిలేయొచ్చు, లేదా డ్రిప్ పెట్టి బొట్టుబొట్టుగా వేరు దగ్గరికే ఇవ్వొచ్చు. మామూలు ల్యాబుల్లో గాజు గిన్నెలో కణాల మీద ద్రవం పోసి పెంచడం మడి నింపడం లాంటిది. మొదట్లో బాగానే ఉంటాయి, తర్వాత తిండి తగ్గిపోయి, వాటి మురికి వాటి దగ్గరే పేరుకుని, నాలుగు రోజులకు కణం తన స్వభావమే మరిచిపోతుంది. చిప్‌లో డ్రిప్ పెట్టినట్టు ఎప్పుడూ కొత్త ద్రవం వస్తూ ఉంటుంది, పాతది పోతూ ఉంటుంది. కణానికి తాను ఒంట్లోనే ఉన్నాననిపిస్తుంది. డ్రిప్పర్ గంటకు నాలుగు లీటర్లు ఇస్తే ఇక్కడ గంటకు ఒక్క బొట్టు పోయినా ఎక్కువే, తేడా అంతే.

ఇంతవరకు సులువు. వృషణం దగ్గరికొచ్చేసరికి సైంటిస్టులకే చుక్కలు కనిపించాయి. మన వైపు బీజాలంటాం కదా, పైకి రేగ్గాయలా గుండ్రంగా కనిపించే ఆ చిన్న అవయవం లోపల మిల్లీమీటరులో ఐదో వంతు లావుండే సన్నని గొట్టాలు చుట్టలు చుట్టలుగా ఉంటాయి. డ్రిప్ పైపు బండిల్ విప్పినట్టు విప్పితే వందల మీటర్లు వస్తాయి. ఆ గొట్టాల గోడల్లో సెకనుకు సుమారు వెయ్యి చొప్పున వీర్యకణాలు తయారవుతూ ఉంటాయి, రాత్రీ పగలూ, ముసలితనం దాకా. ఒక్కో కణం మొదట్నుంచి చివరికి రావడానికి మనిషిలో దాదాపు 74 రోజులు పడుతుంది. ఎలుకలో ముప్పై ఐదు రోజుల్లో అయిపోతుంది. మనిషిలో ఆ పైన ఇంకో రెండు వారాలదాకా ఎపిడిడిమిస్ అనే పొడవాటి గొట్టంలో ప్రయాణం చేస్తే గాని దానికి ఈత రాదు. అందుకే డెంగీతో మంచాన పడి లేచినవాళ్ల కౌంట్ కొన్ని వారాల తర్వాత పడిపోతుంది, మళ్లీ లేవడానికీ టైం పడుతుంది. మేం "మూడు నెలలాగి మళ్లీ రండి" అనేది అందుకే. ల్యాబ్ వాళ్లు డబ్బుల కోసం తిప్పుతున్నారని చాలామంది అనుకుంటారు, ఈ వంకతో అదీ చెప్పేస్తున్నా.

ఆ గొట్టం గోడలో వీర్యకణాలకు తల్లిలా ఉండే కణాలున్నాయి, సెర్టోలి కణాలంటారు. 1865లో ఎన్రికో సెర్టోలి అనే ఇటలీ ఆయన వాటిని మొదట వర్ణించాడు. ఇవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని రక్తానికీ, తయారవుతున్న వీర్యకణాలకూ మధ్య గోడ కడతాయి. ఎందుకా గోడ అంటే, వీర్యకణాలు వయసొచ్చాక పుడతాయి, అప్పటికే మన ఒంట్లోని రక్షణ దళం ఎవరు మనవాళ్లు ఎవరు పరాయివాళ్లు అని లెక్క రాసేసుకుని ఉంటుంది. ఆలస్యంగా పుట్టిన ఈ కణాలను శత్రువులనుకుని మీద పడుతుంది. గోడ లేకపోతే ఇల్లు దక్కదు. గొట్టాల బయట టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ చేసే లైడిగ్ కణాలు, గొట్టాన్ని మెల్లగా పిండి ముందుకు తోసే కండర కణాలు, ఇంకా రక్తనాళాలు. వీటన్నిటికీ ఒంటి వేడికంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ కావాలి. కర్నూలు ఎండలో పని చేసేవాళ్ల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. బట్టీల దగ్గర, వెల్డింగు దగ్గర, రొట్టెల పొయ్యి ముందు ఏళ్లకేళ్లు నిలబడేవాళ్ల శాంపిల్ చూసేటప్పుడు, పనేంటో ముందు అడిగి తర్వాత మైక్రోస్కోపులో కన్ను పెడతా నేను.

ఈ మొత్తం సంసారాన్ని రబ్బరు ముక్క మీద నడపాలి, అదీ 74 రోజులు. ఎక్కడిదాకా వచ్చారంటే, జపాన్‌లో యోకొహామా సిటీ యూనివర్సిటీలో తకెహికో ఒగావా బృందం 2011లో పుట్టీపుట్టని ఎలుక పిల్లల వృషణం ముక్కలను జెల్లీ దిమ్మ మీద, సగం గాలి సగం ద్రవం తగిలేలా, 34 డిగ్రీల దగ్గర పెంచి, ఒంటి బయటే వీర్యకణాలు పుట్టించింది. వాటితో ఎలుక పిల్లలు పుట్టాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుట్టాయి. 2016లో ఆ ల్యాబ్ నుంచే చిప్ కూడా వచ్చింది. సన్న పొరకు ఒక పక్క కణజాలం, ఇంకో పక్క ద్రవం పారే కాలువ పెట్టి, ఆరు నెలల పాటు వీర్యకణాల తయారీ ఆగకుండా నడిపారు. పాత పద్ధతిలో రెండు నెలలు దాటితే నీరసించిపోయేది. చదివిన రోజు నేను డ్యూటీలో ఉన్నా, పక్కనున్న కుర్రాడికి చెప్తే "ఎలుకలకేం తక్కువ సార్, అవి లేకుంటేనే మేలు" అన్నాడు.

అది ఎలుక. మనిషి వీర్యకణాన్ని మొదట్నుంచి చివరిదాకా చిప్ మీద పుట్టించి, ఇదిగో అని అందరూ ఒప్పుకునేలా చూపించినవాళ్లు ఇంకా లేరు. మధ్య దశల దాకా తీసుకొచ్చిన ప్రయత్నాలున్నాయి. మీ వార్తలో మాత్రం "ఎలుక" అన్న మాటే పోయింది, మనిషి అని వేశారు. ఎక్కడ జారిపోయిందో నాకు తెలీదు, రాసినవాళ్ల దగ్గరో, తెనిగించినవాళ్ల దగ్గరో. ఆ ఒక్క మాట జారితే పత్తికొండలో ఒక మనిషి బస్సెక్కాడు.

మరి పిల్లలు పుట్టించనప్పుడు ఆ చిప్ ఎందుకు అని పత్తికొండ ఆయనే అడిగాడు. బాగా అడిగాడు. దానికి జవాబుగా ఆయన పనే చెప్పాను.

ఆయనకు రెండెకరాల పత్తి ఉంది, కానీ బతికేది పొలాల్లో పురుగుమందు కొట్టే కూలితో. సీజన్లో రోజుకు ఎన్ని ట్యాంకులు కొడితే అంత కూలి. మూతికి తువ్వాలు, అంతే. చేతికి గ్లవ్స్ వేసుకుంటే చెమటకు జారిపోతాయంటాడు. ఆ రోజు శాంపిల్ చూశాక కౌంట్ మిల్లీలీటరుకు ఐదు మిలియన్ల దగ్గర ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం కింది గీత 16 మిలియన్లు. దానికి తక్కువైతే పిల్లలు అసలే పుట్టరని కాదు, ఒక్క టెస్టుతో తేల్చేదీ కాదు. రిపోర్టు పట్టుకుని మెల్లగా అడిగాడు, "మందు కొట్టేదాన్ల వల్ల అయ్యిందా అన్నా?" అని. ఇరవై రెండేళ్లలో ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో. పోయి డాక్టర్ని అడగమంటా. డాక్టరూ "కావచ్చు" అంటాడు. ఆ "కావచ్చు" దగ్గరే ఆగిపోతుంది కథ. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని నెలలు, సెర్టోలి కణాల మీద పడిందా, లైడిగ్ కణాల మీద పడిందా, ఆపేస్తే తిరిగొస్తుందా, ఇవేవీ ఒక మనిషి మీద పెట్టి చూడలేం కదా. చూడాల్సిన చోటు ఆ రబ్బరు ముక్క. పత్తికొండ ఆయనకు చికిత్స చేసేది కాదు అది, ఆయన ప్రశ్నకు ఎప్పటికైనా జవాబు చెప్పగలిగేది.

ఇలాంటిది జరిగింది కూడా. 1977లో అమెరికాలో కాలిఫోర్నియాలోని ఒక పురుగుమందు ఫ్యాక్టరీలో పనివాళ్లు వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటూ, మనలో ఎవరికీ పిల్లలు పుట్టట్లేదేంట్రా అనుకున్నారు. టెస్టులు చేయిస్తే చాలామందికి కౌంట్ బాగా తక్కువ, కొందరికి సున్నా. డీబీసీపీ అనే మందు, నేలలో ఉండే నులిపురుగుల కోసం వాడేది. కంపెనీ డాక్టర్లు పట్టుకోలేదు, భోజనాల దగ్గర కబుర్లలో బయటపడింది. ఇంకో సంగతి చెప్తే మీకు మంట పుడుతుంది. ఆ మందు ఎలుకల వృషణాలను కుంచించుకుపోయేలా చేస్తుందని 1961లోనే పరిశోధన అచ్చయ్యి ఉంది. అంటే ఎలుకలు నిజమే చెప్పాయి, విన్నవాళ్లు లేరు. కాబట్టి చిప్ వస్తే చాలు అన్నీ బాగుపడతాయని నేననను. పరీక్ష మంచిదైనా ఆ కాగితం చదివేవాడు కావాలి.

అయితే ఎలుక ప్రతిసారీ నిజం చెప్పదు. ఎలుకకు వీర్యం దండిగా ఉంటుంది, సగం పోయినా పిల్లలు పెడుతుంది, కాబట్టి పైకి ఏమీ కాలేదన్నట్టే కనిపిస్తుంది. మనిషికి అంత మిగులు లేదు. మందును ముక్కలు చేసే కాలేయం పనితీరు కూడా ఎలుకకు వేరు, మనకు వేరు.

మా వైపు ఇంకో కథ కూడా చెప్పుకోవాలి, పత్తిదే. పత్తి గింజలో గాసిపోల్ అనే పసుపు పదార్థం ఉంటుంది, చెట్టు తనను పురుగుల నుంచి కాపాడుకోవడానికి చేసుకునేది. చైనాలో 1950లలో కొన్ని పల్లెల్లో శుద్ధి చేయని పత్తిగింజల నూనెతో వండుకుని తిన్నవాళ్లకు పిల్లలు పుట్టడం ఆగిపోయింది. అక్కడి సైంటిస్టులు దాన్ని పట్టుకుని, ఇదేదో మగవాళ్ల గర్భనిరోధక మాత్రకు పనికొస్తుందే అని 1970లలో ఎనిమిది వేలమందికి పైగా మగవాళ్ల మీద పరీక్షించారు. పని చేసింది, కాకపోతే కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయింది, కొందరికి మాత్ర ఆపినా వీర్యకణాలు తిరిగి రాలేదు. వదిలేశారు. ఆదోని మార్కెట్ పక్కన పెరిగినవాణ్ణి నేను, పత్తి చెక్క వాసన నా చిన్నతనం అంతా ఉంది, ఇన్నేళ్లకు గాని ఈ సంగతి తెలీలేదు. (ఇది చదివి ఎవరూ ఇంట్లో నూనె పారబోయొద్దు, రిఫైన్ చేసినప్పుడు గాసిపోల్ పోతుంది. ఈ వాక్యం మాత్రం దయచేసి కత్తిరించకండి.) ఎనిమిది వేలమంది ఒళ్ల మీద తెలుసుకున్న దాంట్లో కొంతైనా ముందే చిప్ మీద తెలిసుండేది కదా అని నా ఆలోచన.

ఒక్క వృషణాన్ని పెట్టుకుంటే సరిపోదు, అది ఇంకో సంగతి. సైక్లోఫాస్ఫమైడ్ అని క్యాన్సర్ మందు ఉంది, పిల్లల రక్త క్యాన్సర్‌లో కూడా వాడతారు. అది సీసాలో ఉన్నప్పుడు సాధువు లాంటిది, కాలేయంలోకి పోయి మారితేనే పని చేస్తుంది, క్యాన్సర్ మీదా, వృషణం మీదా. వృషణం ఒక్కదాన్నే చిప్‌లో పెట్టి ఆ మందు పోస్తే అసలు సంగతి తెలియదు, తప్పుడు ధైర్యం వస్తుంది. అందుకే కాలేయం కణజాలం, వృషణం కణజాలం ఒకే చిప్ మీద పక్కపక్కన పెట్టి ఒకే ద్రవం తిప్పిన పరిశోధన 2020లో బెల్జియం వాళ్లది వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు మా పక్క వీధి పిల్లాడు గుర్తొచ్చాడు, ఎనిమిదేళ్లకు జబ్బు చేసి మందులతో బాగై ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. పెద్దవాళ్లయితే చికిత్సకు ముందే వీర్యం దాచుకోవచ్చు, ఎనిమిదేళ్ల పిల్లాడికి దాచడానికేముంది? వృషణం ముక్క తీసి గడ్డకట్టించి దాచే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. ఆ ముక్కను రేపు ఏం చేయాలన్న ప్రశ్నకు కూడా ఈ చిప్‌ల దారిలోనే వెతుకుతున్నారు.

జిమ్‌కు పోయే పిల్లలదీ ఇదే లెక్క. కండలు రావాలని టెస్టోస్టిరాన్ సూదులు వేసుకుంటారు, వాళ్లకు ఎవరో మగతనం ఇంకా పెరుగుతుందని కూడా చెప్పి పంపిస్తారు. బయట్నుంచి హార్మోన్ వచ్చిందని మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథికి తెలియగానే అది వృషణానికి పంపే కబురు ఆపేస్తుంది, వృషణం దుకాణం మూసుకుంటుంది. గత రెండేళ్లలో కౌంట్ నిల్ అని రాసి చేతికిచ్చిన రిపోర్టుల్లో ఇలాంటి వస్తాదులవి నాకు గుర్తున్నవే ఐదారు. ఒక్క వృషణం చిప్‌లో ఇది కనిపించదు, ఎందుకంటే దానికి మెదడు లేదు. చిప్‌ల పరిమితి కూడా ఇలాంటిదే, మీ వార్తలో అదీ లేదు. ఆ సిలికోన్ రబ్బరుకు ఇంకో దురలవాటు ఉంది, నూనెలో కరిగే రకం చిన్న పదార్థాలను స్పాంజిలా పీల్చేసుకుంటుంది. టెస్టోస్టిరాన్ లాంటి హార్మోన్లు ఆ రకమే. పోసింది ఎంత, కణానికి అందింది ఎంత అని లెక్క తప్పుతుంది. అందుకని వేరే ప్లాస్టిక్కులు, గాజు వెతుకుతున్నారు. పైగా మనిషి కణజాలం కావాలంటే ఎవరో ఇవ్వాలి, ఎవరిస్తారు చెప్పండి, రక్తదానం శిబిరం పెట్టినంత సులువా?

ఆడవాళ్ల వైపు, అవయవాలు కలిపి నడిపే ఈ పని ముందే జరిగింది. 2017లో అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో టెరెసా వుడ్రఫ్ బృందం అండాశయం, ఫెలోపియన్ ట్యూబ్, గర్భాశయం, గర్భాశయ ముఖద్వారం, కాలేయం ఐదూ కలిపి 28 రోజుల నెలసరి చక్రాన్ని అరచేతిలో పట్టే పరికరంలో తిప్పి చూపించింది, దానికి ఎవటార్ అని పేరు. అందులోనూ అండాశయం ఎలుకదే, మిగతావి మనిషివి. మన ఇళ్లలోనూ టెస్టులు ముందు ఆడవాళ్లకే, చిప్‌ల్లోనూ అదే వరస అని మా ఇంటావిడ అంది. నాకు మాట రాలేదు.

మన దేశంలో చట్టం కూడా దారి ఇచ్చింది. 2022 డిసెంబరులో అమెరికా, కొత్త మందులకు జంతువుల మీద పరీక్ష తప్పనిసరి అన్న పాత నిబంధనను సడలించింది. మూడు నెలలకే, 2023 మార్చిలో మన కేంద్రం కొత్త మందుల నిబంధనలు సవరించి, మనుషుల మీదికి పోకముందు చేసే పరీక్షల్లో అవయవ చిప్‌లను కూడా ఒప్పుకుంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే కేంద్ర జీవశాస్త్ర పరిశోధన సంస్థ దగ్గర ఇలాంటి మనిషి కణాల నమూనాల కోసమే ఒక కేంద్రం ఉంది. కర్నూలు నుంచి నాలుగు గంటల ప్రయాణం. మీ విలేకరి ఒకరు వెళ్లి, మన పొలాల్లో కొట్టే మందుల్లో ఎన్నిటిని మగవాళ్ల వృషణ కణాల మీద చూశారు, చూడాలంటే ఎంత ఖర్చు, ఎవరు పెట్టాలి అని అడిగి రాస్తే, అది వార్త. మా జిల్లాలో ఎన్ని లీటర్ల మందు అమ్ముడవుతుందో డీలర్ల దగ్గర లెక్క ఉంటుంది, అది కొట్టినవాళ్ల కౌంట్ ఎంతో ఎవరి దగ్గరా ఉండదు.

ఇంకొక్క మాట, ఇది మీ వార్త తప్పు కాదు గాని దాని నీడలో జరుగుతోంది. ఐవీఎఫ్ సెంటర్లలో, అంటే ఒంటి బయట అండాన్నీ వీర్యకణాన్నీ కలిపే చోట, వాడే ఇంకో రకం చిప్ ఉంది, అది నిజమే. సన్న కాలువల గుండా వీర్యకణాలను ఈదనిచ్చి, బాగా ఈదేవాటిని ఏరుకునే పరికరం. పాత పద్ధతిలో శాంపిల్‌ను గిర్రున తిప్పేవాళ్లు, దాంతో కణాలకు దెబ్బ తగిలేది, ఇందులో ఆ బాధ తక్కువ. కానీ దానివల్ల పిల్లలు పుట్టే అవకాశం ఖాయంగా పెరుగుతుందని గట్టి రుజువు ఇంకా రాలేదు, పైగా అసలు కణాలే లేనివాడికి ఏరడానికేం ఉంటుంది? ఒక ఊర్లో ఒక సెంటర్ వాళ్లు కౌంట్ నిల్ ఉన్న కుర్రాడి దగ్గర చిప్ పేరు చెప్పి అదనంగా డబ్బు కట్టించుకున్నారు. బిల్లు నేను చూశా, చిప్ చార్జెస్ అని విడిగా రాసి ఉంది. ఆ అబ్బాయి నన్ను అడిగినప్పుడు, ఏ చిప్ అని అడగమన్నా, వాళ్లు మీ పేపర్ ముక్కే చూపించారట. ఇలాంటి సెంటర్లు రిజిస్టర్ చేయించుకోవాలని 2021లో చట్టం వచ్చింది. వెళ్లేవాళ్లు బోర్డు మీద దేవుడి బొమ్మ తర్వాత రిజిస్ట్రేషన్ నంబరు కూడా చూసుకుంటే మంచిది.

మగవాళ్ల టెస్టు గురించి కూడా ఒక పెట్టె కట్టి వేయండి, స్థలం ఉంటే. రెండు రోజుల నుంచి ఏడు రోజుల దాకా వీర్యం బయటికి పోనివ్వకుండా ఉండి రావాలి, ఇంటి దగ్గర తీసుకుంటే గంటలోపు తేవాలి, జేబులో ఒంటి వేడికి తగిలేలా పెట్టుకుని రావాలి, ఐసు పెట్టెలో కాదు. ఒకసారి ఎమ్మిగనూరు నుంచి ఒకాయన థర్మాస్‌లో ఐసు గడ్డల మధ్య పెట్టి తెచ్చాడు, పాపం ఎంత జాగ్రత్తగా తెచ్చాడో. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. తొమ్మిదేళ్లు ఆడమనిషిని తిప్పాక ఈ అరగంట పరీక్షకు వస్తారు. వచ్చాక కూడా రిపోర్టు అత్తగారికి చూపించొద్దని, పేరు మార్చి రాయమని అడిగేవాళ్లున్నారు. నేను రాయను.

కాబట్టి అడిగేది రెండే. మీ వార్తకు సవరణ వేయండి, ఎక్కడో ఏడో పేజీ మూలన కాదు, అదే సైన్సు పేజీలో, అంతే సైజులో. చిప్ ఒంట్లో పెట్టేది కాదు, వీర్యకణాలు పుట్టింది ఎలుక కణజాలంలో, మనిషిది ఇంకా జరగలేదు అని. రెండోది, ఆ మందుల సంగతి అడగండి.

నా పేరు వేయొద్దు, ఊరు వేసుకోండి. పేరు చూస్తే ఇక్కడికి వచ్చేవాళ్లు మా సంగతి పేపర్లో రాస్తాడేమోనని భయపడి రావడం మానేస్తారు. పైన చెప్పినవాళ్ల వివరాలు కూడా వాళ్ల పోలిక తెలియకుండా మార్చే రాశా. పత్తికొండ ఆయన ఈ సీజన్ మందు కొట్టడం మానుకుని, ఉల్లిగడ్డల లోడింగ్ పనికి పోతున్నాడు. కూలి తక్కువే. మూడు నెలలకు మళ్లీ టెస్టుకు రమ్మన్నా. అప్పటికి మీ సవరణ వస్తే ఆయన జేబులో పాత ముక్క తీసుకుని ఆ సవరణ ముక్క ఇస్తా, ఇంకోటి కౌంటర్ అద్దానికి అంటిస్తా.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
కర్నూలు